తేదీల పుస్తకం

డులూత్, మినెసోటా
అక్టోబరు 9, 2015

ఒరేయ్ ఆర్వో,

బతికే ఉన్నావా? ఆగస్టులో రాసిన ఉత్తరానికి ఇంతవరకూ జవాబు లేదు. ఫోన్ చేద్దామంటే సైన్యంలో ఫిరంగుల పక్కన నిలబడి పాడుచేసుకున్న చెవులాయె నీవి. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, చివరికి నా గొంతు పోతుంది. అందుకే మళ్ళీ కాగితం తీశాను.

ఇక్కడ మా కొంప మునిగేలా ఉంది. మా కొట్టుకి ఎదురుగా మెరిడియన్ హోటల్ ఏళ్ళ తరబడి మూతపడి ఉంది కదా, దాన్ని బాగుచేసి నలభై రెండు గదులు కట్టారు. ఎవరికనుకున్నావు? ఇల్లు లేక వీధుల్లో పడుకునే మాజీ సైనికులకట! క్రిస్మస్ లోపు అందర్నీ దింపుతారట. ఆ నలభై రెండు మందీ సైనికులేనని ఎవరు చూసొచ్చారు? మీ బావ రూడీ పోయాక ఈ పన్నెండేళ్ళూ నేనొక్కదాన్నే బూట్లు కుట్టుకుంటూ, మారు తాళంచెవులు కోసుకుంటూ ఈ కొట్టు నిలబెట్టాను. ఇప్పుడీ డెబ్భై ఒకటో ఏట వీళ్ళందరికీ కాపలా కాయాలా?

మచ్చుకి ఒకడు ఇప్పటికే మా గుమ్మంలో మకాం పెట్టాడు. లైల్ బ్రకెట్ అట పేరు. వియత్నాంలో పనిచేశానంటాడు. నోరుంది కదా, ఏమైనా అంటాడు. పొద్దున్నే ఏడున్నరకి నేను కొట్టు తెరవడానికి వచ్చేసరికి దుప్పట్లో చుట్టుకుని గుమ్మానికి అడ్డంగా ఉంటాడు. లేవమంటే లేస్తాడు, ఎదురు మాట్లాడడు. అదే నాకు మరీ అనుమానం. అంత నెమ్మదస్తుడికి ఇల్లు లేకపోవడమేమిటి?

పోలీసుకి చెబితే, "తేదీలు రాసి పెట్టండి మేడమ్, లేకపోతే మేమేం చెయ్యలేం," అన్నాడు. పోయినేడాది సెప్టెంబరు నుంచీ ఒక నోటుపుస్తకంలో రాస్తూనే ఉన్నాను. ఒక్క రోజు వదల్లేదు. పక్కన గ్రీటింగు కార్డుల కొట్టు మావిస్ లేదూ, ఆవిడ హోటల్ వద్దంటూ నగరసభకి అర్జీ తయారుచేసి సంతకాలు పోగుచేస్తోంది.

నీతో పనేమిటంటే, నువ్వూ ఆ వియత్నాంలోనే పనిచేసొచ్చినవాడివి. వీడి బండారం బయటపడేలా ఒక్క ప్రశ్న రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

అమ్మ చేసే పుల్లా తీపిరొట్టె చేశాను, ఆవిడ వేసినంత ఏలకుల పొడి వేసి. పోస్టులో పంపితే రాయైపోతుంది. వస్తే పెడతాను. నువ్వు రావని తెలుసులే. రూడీ అంత్యక్రియలకి వచ్చినప్పుడు కూడా మా ఇల్లు పెట్టుకుని మోటెల్లో దిగిన ఘనుడివి.

మీ అక్క,
ఐలి


యూమా, అరిజోనా
అక్టోబరు 21

అక్కా,

బతికే ఉన్నాను. ఈ ఎండకి నా ట్రైలర్ ఇంటి పైకప్పు మీద గుడ్డు వేస్తే అట్టు అవుతుంది. అంతకు మించి విశేషాల్లేవు.

అతన్ని యుద్ధం గురించి అడక్కు. అబద్ధాలకోరు దగ్గర యుద్ధాలు చాలా ఉంటాయి, గంటలకొద్దీ చెబుతాడు. నువ్వు చెప్పులు కుట్టేదానివి, బూట్లు చూడు. ఎడమ బూటు లేసు కింది కన్నాల దగ్గర చిన్న రేకు బిళ్ళ గుచ్చి ఉందేమో చూడు, పేరూ రక్తం గ్రూపూ చెక్కి ఉంటాయి. మెడలో ఒకటి, బూటులో ఒకటి కట్టుకునేవాళ్ళం. ఎందుకో రాయను, నువ్వు రొట్టె తింటూ చదువుతావేమో. మాలో కొందరు తిరిగొచ్చాక కూడా, ఎన్ని బూట్లు మారినా, ఆ బిళ్ళని కొత్త బూటుకి మార్చుకుంటూనే ఉన్నారు. వేషగాడికి మెడలో బిళ్ళ తెలుస్తుంది గానీ బూటులోది తట్టదు.

సరే, బిళ్ళ లేదనుకో. అతను అబద్ధమే చెప్పాడనుకో. అబద్ధమాడినవాడికి డులూత్‌లో చలి వెయ్యదా?

మావిస్ కాగితం మీద సంతకం పెట్టావా లేదా? నువ్వా సంగతి రాయకుండా దాటేశావు. సూటిగా చెప్పు.

మీ గుమ్మం సంగతి నాకు తెలుసు. సరస్సు గాలి కుడివైపు నుంచి సూదుల్లా గుచ్చుతుంది. ఎడమ మూల, ఆవిరి గొట్టం పక్కన పడుకుంటే కాస్త నయం. అతనికి ఆ మాట చెప్పు.

ఆర్వో


డులూత్
నవంబరు 12

ఆర్వో,

ముందు ఇది చెప్పు. ఎడమ మూల నయమని నీకెలా తెలుసు? ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మం ఊడుస్తున్న నాకే తెలియదు. లైల్‌కి చెప్పబోతే, "అక్కడే కదమ్మా పడుకునేది," అన్నాడు. నువ్వెప్పుడు చూశావు? ఏదో దాస్తున్నావు నువ్వు. చిన్నప్పుడు పంచదార డబ్బా ఖాళీ చేసి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడివి చూడు, అలా ఉంది నీ ఉత్తరం.

ఇక నీ పరీక్ష. మొన్న అతని ఎడమ బూటు మడమ ఊడి వేలాడుతోంది. "ఇటివ్వు, కుట్టిస్తాను, ఊరికేనే," అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఊరికే ఎందుకు? ఏం కావాలి మీకు?"

"ఏమీ వద్దయ్యా. గుమ్మంలో మేకు ఊడి పడితే నా బేరాలకి గుచ్చుకుంటుంది."

"ఏడాది నుంచీ లేవమనడం తప్ప ఒక్క మాట అనని మనిషి ఇవాళ బూటు కుడతానంటే నేను నమ్మాలా?"

చూశావా, వాడు నన్ను అనుమానించడం! అయినా విప్పి ఇచ్చాడు. ఇచ్చి, గాజు అవతల ఒంటి కాలి మీద నిలబడి నా చేతులకేసే చూస్తున్నాడు, నేనేదో ఎత్తుకుపోతానన్నట్టు. లేసు వదులు చేశాను. బిళ్ళ ఉంది. బ్రకెట్ అనే ఉంది. మేకులు కొట్టి బిళ్ళని ముట్టుకోకుండా ఇచ్చేశాను. బిళ్ళలు సంతలో కూడా దొరుకుతాయి కదా అని ఆ రోజంతా అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, ఏం చెయ్యను?

మర్నాడే ఒక అమ్మాయి దిగింది. ఒడెట్ ప్రూయిట్ అట, ఆ గదులు ఇచ్చేవాళ్ళ తరఫున తిరుగుతుంది. సైన్యం కాగితాలు అన్నీ సరిపోయాయట. ఇంకొక్కటి కావాలట.

"ఏడాది పాటు బయటే పడుకున్నాడని రుజువుండాలి మేడమ్. ఆయన మాట చాలదు. చూసినవాళ్ళు తేదీలతో రాసివ్వాలి. మీ దగ్గర పుస్తకం ఉందట కదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"లైలే. 'ఆవిడ రోజూ నా గురించి ఏదో రాసుకుంటుంది' అన్నారు."

విన్నావా? నేను వాడిని వెళ్ళగొట్టడానికి రాసుకున్న పుస్తకంతో వాడు నా ఎదుటింట్లోనే దిగుతాడట! ఇంకెవరూ లేరా సాక్షులంటే, శరణాలయంలో పడుకుంటే వాళ్ళ దగ్గర లెక్క ఉండేదనీ, ఇతను నలుగురి మధ్య నిద్రపోలేక ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదనీ చెప్పింది. డిసెంబరు 4 లోపు ఇవ్వకపోతే ఆ గది వరసలో తర్వాతి మనిషికి పోతుందట. మళ్ళీ ఎప్పుడో ఆవిడకీ తెలియదట. ఇదంతా నా చేత సంతకం చేయించే ఎత్తు కాదని ఏమిటి నమ్మకం? పుస్తకం లేదని చెప్పి పంపేశాను.

నీ ప్రశ్నకి జవాబు: అవును, మొదట్లోనే సంతకం పెట్టాను. నిన్న సైనికుల దినం కదా, వీధిలో ప్రతి కొట్టూ అద్దంలో జెండా పెట్టింది. మావిస్ కొట్లో అర్జీ ఆ జెండా కిందే ఉంది. సంతకం అడిగిన రోజు, "సైనికులంటే మనకి గౌరవమే ఐలీ, కానీ ఈ వీధిలో ఎందుకు?" అంది. నాకూ సబబుగానే తోచింది. నీకు కోపం వస్తుందని రాయలేదు. ఎప్పుడూ నెత్తిన కప్పు ఉన్న నీకు నా బాధ ఏం తెలుస్తుంది?

ఐలి


యూమా
నవంబరు 23

అక్కా,

చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డాను, నిజమే. ముప్పై రెండేళ్ళుగా.

1983లో అలాస్కాలో చేపల పడవ మీద పని దొరికిందని నీకు ఉత్తరం రాశాను, గుర్తుందా? అలాస్కా మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆ చలికాలమంతా డులూత్‌లోనే ఉన్నాను. గనిలో పని పోయింది, అద్దె గది పోయింది, రైలు స్టేషను వెనక నా పాత ట్రక్కులో పడుకునేవాణ్ణి. జనవరిలో ట్రక్కుని నగరం వాళ్ళు లాక్కుపోయారు. ఆ తర్వాత తొమ్మిది రోజులు మీ గుమ్మంలో పడుకున్నాను. బావ ఏడింటికి వస్తాడని తెలుసు, ఆరున్నరకల్లా లేచిపోయేవాణ్ణి.

శరణాలయానికి ఎందుకు పోలేదంటావా? లైల్ ఎందుకు పోవడో అందుకే. పక్క మంచం మీద ఎవడైనా దగ్గితే నా చెయ్యి తుపాకీ కోసం వెతికేది.

మరి మీ ఇంటికి ఎందుకు రాలేదు? ఆ థాంక్స్‌గివింగ్ నాడు మీ ఇంట్లో భోజనాల దగ్గర నువ్వో మాటన్నావు. "ఒళ్ళొంచేవాడికి ఈ దేశంలో ఇల్లు లేకపోవడమేమిటి? అవన్నీ వేషాలు," అని. బంగాళాదుంపలు వడ్డిస్తూ అన్నావు. నా పని పోయి అప్పటికి నెల. నేను ఇంకొంచెం గ్రేవీ వేసుకుని తలూపాను.

తొమ్మిదో రోజు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. బావ చీపురు కర్రతో భుజం మీద తట్టి, "లేవయ్యా, కొట్టు తెరవాలి," అన్నాడు. కసురుకోలేదు, మంచిగానే అన్నాడు. బొడ్డు దాకా గడ్డం నాది, పోల్చుకోలేదు. నువ్వు అద్దం అవతల కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నావు. నా వైపు చూశావు. టోపీ కిందికి లాక్కుని వెళ్ళిపోయాను. నువ్వూ గుర్తుపట్టలేదనుకుని బతికాను. కొట్టు వెనకే మీ ఇల్లు, ఆ గుమ్మంలోంచే కదా లోపలికి రావాలి, అందుకే మీ ఇంటికి గానీ కొట్టుకి గానీ మళ్ళీ రాలేకపోయాను. మోటెల్ సంగతి అదీ.

లైల్ బ్రకెట్‌కి నేను పూచీ ఉండలేను. అతను దొంగైనా కావచ్చు. కానీ నీ పుస్తకంలో రాసింది నిజమా కాదా? నిజమైతే ఆ అమ్మాయికి ఇవ్వు.

నాలుగో తారీకు దగ్గరికొస్తోంది.

ఆర్వో


డులూత్
డిసెంబరు 6

ఆర్వో,

నీ ఉత్తరం 28న అందింది. కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచీ చదివాను. ఎంత దారుణంగా ఉందో తెలుసా? "జనవరి 8. ఏడున్నర. ఉన్నాడు. దుప్పటి మీద మంచు. లేవమన్నాను, లేచాడు." "ఫిబ్రవరి 11. ఉన్నాడు. దగ్గుతున్నాడు. లేవమన్నాను, లేచాడు." "ఈస్టర్ మర్నాడు. ఉన్నాడు. లేవమన్నాను, లేచాడు." నాలుగు వందల పైచిలుకు రోజులు. ఒక్క చోటన్నా కాఫీ ఇచ్చానని లేదు. ఇవ్వలేదు కాబట్టి లేదు.

మూడో తారీకు పొద్దున్నే ఒడెట్ ఆఫీసుకి వెళ్ళి పుస్తకం ఆవిడ బల్ల మీద పెట్టాను. పేజీలు ఒక్కొక్కటీ చివరిదాకా తిప్పింది. "ఇంత బాగా ఎవరూ రాసివ్వలేదు మేడమ్," అంది. నాకు సిగ్గేసింది. కింద సంతకం పెట్టి నేరుగా మావిస్ కొట్టుకి పోయి అర్జీలో నా పేరు కొట్టేశాను. "నీకు మతిపోయిందా?" అంది. "పోలేదు, ఆలస్యంగా వచ్చింది," అన్నాను.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపితే నేను మంచిదాన్నైపోతాను. కానీ నువ్వు నీది చెప్పావు, నాది నేను చెప్పాలి.

ఆ పొద్దున గుమ్మంలో నిన్ను నేను పోల్చుకోలేదు, ఒట్టు. కానీ మూడు వారాలకి నీ అలాస్కా ఉత్తరం వచ్చింది. కవరు మీద ముద్ర డులూత్‌ది. వెర్రివాడా, మా వీధి మొగలో డబ్బాలోనే వేసి ఉంటావు! ముద్ర చూశాను. చూడగానే ఆ గడ్డం మనిషి ఎడమ భుజం వంచి నడుస్తూ పోవడం కళ్ళ ముందు మెదిలింది. నాన్న నడక, నీ నడక. నాకు తెలిసిపోయింది ఆర్వో.

రూడీకి చెప్పలేదు. ఊళ్ళో వెతకలేదు. అడిగితే నువ్విక్కడే ఉన్నావని తేలుతుంది, తేలితే ఇంటికి తెచ్చుకోవాలి. అంతకు ముందు ఏడాది నువ్వు మా ఇంట్లో ఉన్న వారం రోజులూ నీ కేకలకి రూడీ లేచి కూర్చునేవాడు, నువ్వు సీసా పట్టుకుని వంటింట్లో కూర్చునేవాడివి. మళ్ళీ అది నావల్ల కాదనిపించింది. కవరు సొరుగులో పెట్టి, "చేపలు బాగా పడుతున్నాయా?" అని నీకు జవాబు రాసి, స్నేహితుడు అలాస్కాకి పంపిస్తాడంటూ నువ్విచ్చిన ఇక్కడి పోస్టు పెట్టె నంబరుకి పంపాను. లోకంలో అందర్నీ అనుమానించేదాన్ని, అనుమానించాల్సిన ఆ ఒక్క ఉత్తరాన్ని మాత్రం నమ్మినట్టు నటించాను.

ఆ కవరు ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉంది.

ఐలి


యూమా
డిసెంబరు 16

అక్కా,

నాలుగుసార్లు చదివాను.

నేను నిన్ను మోసం చేశాననే బాధతో ముప్పై రెండేళ్ళు మీ గడప తొక్కలేదు. నీకు ఎప్పుడో తెలుసన్నమాట. చేపలు బాగా పడుతున్నాయా అని రాశావు! ఆ ఉత్తరం అందిన రోజు నేను స్టేషనులో మరుగుదొడ్డిలో కాళ్ళు వెచ్చబెట్టుకుంటున్నాను. నీ చేతిరాత చూసి సంతోషపడ్డాను కూడా.

కోపంగా ఉంది. కొన్నాళ్ళు నాకు రాయకు.

ఆర్వో


డులూత్
జనవరి 14, 2016

ఆర్వో,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించి పారేస్తే పారెయ్యి, కానీ కవరులో ఇంకొకటి ఉంది, అది మాత్రం పారెయ్యకు.

లైల్‌కి గది వచ్చింది. మూడో అంతస్తు, మా కొట్టు వైపు కిటికీ. మొదటి వారం మంచం మీద పడుకోలేదట, తలుపుకి వీపు ఆనించి నేల మీద పడుకున్నాడట. ఎవరో వచ్చి పొరపాటైంది, ఖాళీ చెయ్యమంటారని వాడి అనుమానం. పొద్దున్నే అలవాటు కొద్దీ మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఇప్పుడు లోపలికి రమ్మంటున్నాను, కాఫీ తాగుతాడు. పంచదార మూడు చెంచాలు! హోటల్ నిండిపోయింది, అందరూ మంచివాళ్ళని చెప్పను. ఒకాయన మావిస్ పూలకుండీలో ఉమ్మేశాడు. ఆవిడ ఆయన్ని, ఆయన ఆవిడని రోజూ తిట్టుకుంటున్నారు. ఇంకొకాయన బూట్లు కుట్టించుకుని పత్తా లేడు.

పోయిన సోమవారం లైల్ తన గది తాళంచెవి తెచ్చాడు.

"దీనికి ఇంకోటి కోసిపెట్టాలి."

"ఇంకోటి ఎవరికి? ఎవర్ని తెచ్చి పెట్టుకుంటావు గదిలో?"

"ఎవర్నీ కాదు. నేను అన్నీ పోగొట్టుకుంటాను. ఇది పోతే?"

మేనేజరు చీటీ లేనిదే కొయ్యనన్నాను. తెచ్చాడు. చీటీ నిజమో కాదో ఫోన్ చేసి కనుక్కున్నాను. నిజమే. కోసి ఇస్తే, తీసుకోకుండా బల్ల మీద నా వైపు జరిపాడు.

"ఇది మీ దగ్గరుంచండి."

"నా దగ్గరా? నేను నిన్ను తరిమెయ్యడానికి పుస్తకం రాసినదాన్నయ్యా!"

"తెలుసు. ఒక్క రోజు వదలకుండా రాశారు. మీ దగ్గర ఏదీ పోదు."

వాడు వెళ్ళాక మిషను ఆపబుద్ధి కాలేదు. నా ఇంటి తాళంచెవి తీసి ఇంకోటి కోశాను. అదే ఈ కవరులో ఉంది. కొట్టు గుమ్మంలోంచి రానక్కర్లేదు, ఇది ఇంటి వెనక తలుపుది, నేరుగా వంటింట్లోకి తెరుచుకుంటుంది. ఆ ముద్ర చూసిన రోజే కోసి పంపాల్సింది. అప్పుడూ నా కొట్లో తాళంచెవులు కోసే మిషను ఉంది ఆర్వో, చెయ్యి చాపితే అందేంత దూరంలో. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. రమ్మని మాత్రం అడుగుతున్నాను.

రాత్రిళ్ళు కేకలు వేస్తే వెయ్యి. నాకూ ఇప్పుడు సరిగ్గా నిద్ర పట్టదు.

మీ అక్క,
ఐలి


యూమా
జనవరి 27

అక్కా,

తాళంచెవి అందింది. ఒక వారం అలమరలో పెట్టి చూశాను. తర్వాత జేబులో వేసుకున్నాను. పెద్ద బరువేం లేదు.

కోపం ఇంకా ఉంది. అక్కడికొచ్చే కోప్పడతాను.

ఫిబ్రవరి 9, మంగళవారం, మధ్యాహ్నం బస్సు. స్టేషనుకి రాకు, దారి నాకు తెలుసు. తలుపు వేసే ఉంచు, ఎంతసేపైనా సరే లేచి తియ్యకు. నువ్వు కోసిన చెవి ఆ తాళానికి పడుతుందో లేదో నాకు అనుమానమే. నేనే తీసి చూడాలి.

ఆర్వో